ఒకే సర్వర్ మీదున్న అప్లికేషన్‌ని క్లౌడ్‌కి తీసుకెళ్లాలంటే ముందు ఏం మార్చాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మూడేళ్లుగా జావా, స్ప్రింగ్ బూట్ (జావాలో వెబ్ అప్లికేషన్లు రాసే ఫ్రేమ్‌వర్క్) మీద పనిచేస్తున్నారు. జూనియర్ కాలేజీల ఫీజులు, హాల్ టికెట్లు, మార్కుల మెమోలు చూసుకునే అప్లికేషన్ ఒకటి ఆఫీసులోని ఒకే సర్వర్ మీద నడుస్తోంది, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ కూడా అందులోనే ఉంది. ఆరు నెలల్లో క్లౌడ్‌కి మార్చేయమని మేనేజ్‌మెంట్ చెప్పింది. టీమ్‌లో నలుగురే ఉన్నారు. దీన్ని మైక్రోసర్వీసులుగా (విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములుగా) విడగొట్టాలా, కుబర్నెటిస్ (చాలా మెషీన్ల మీద అప్లికేషన్లని నడిపించి చూసుకునే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాలా, లేక సర్వర్‌లెస్‌లో (సర్వర్‌ని మనం చూసుకోకుండా, పిలిచినప్పుడే కోడ్ నడిచే పద్ధతిలో) మళ్లీ మొదట్నుంచి రాయాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఈ మూడూ మీకు ఇప్పుడు వద్దు. అప్లికేషన్‌ని ఒకటిగానే ఉంచండి. కాకపోతే అది నడుస్తున్న మెషీన్‌ని మిట్టమధ్యాహ్నం ఎవరో ఆపేశారనుకోండి, అప్పుడు ఒక్క విద్యార్థి కూడా లాగౌట్ అవకూడదు, ఒక్క రసీదు పోకూడదు, ఒక్క ఎస్ఎంఎస్ రెండుసార్లు వెళ్లకూడదు. అప్లికేషన్‌ని ఆ స్థితికి తీసుకురండి. మీ ఆరు నెలల్లో నాలుగు నెలలు దీనికే పడతాయి. ఆ పని అయ్యాక క్లౌడ్‌కి మార్చడం ఒక వారాంతంలో అయిపోతుంది. అది చేయకుండా మారిస్తే మాత్రం ఆఫీసులో ఉన్న సమస్యలన్నీ అలాగే ఉంటాయి, పైగా నెలనెలా బిల్లు కట్టాలి.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, నేను పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఇలాంటి అప్లికేషన్లు ఓ పదిహేను దాకా మార్చి ఉంటాను, ఇబ్బంది పడిన ప్రతిసారీ కారణం ఒకటే. ఆఫీసు సర్వర్‌ని మనం ఇంట్లో మనిషిలా చూసుకుంటాం. దానికో పేరుంటుంది, కరెంటు పోతే యూపీఎస్ ఉంటుంది, ఆగిపోతే ఎవరో ఒకరు వెళ్లి ఆన్ చేస్తారు, అది ఎప్పుడూ అక్కడే ఉంటుందన్న ధీమాతోనే కోడ్ రాస్తాం. క్లౌడ్‌లో ఆ ధీమా పనికిరాదు. కింద హార్డ్‌వేర్ పాతబడితే వాళ్లే మీ మెషీన్‌ని ఆపేస్తామని మెయిల్ పెడతారు. లోడ్ తగ్గితే ఆటోస్కేలింగ్ (రద్దీని బట్టి మెషీన్లని పెంచి తగ్గించే ఏర్పాటు) ఒక మెషీన్‌ని తీసేస్తుంది. మీరు కొత్త వెర్షన్ డిప్లాయ్ చేసిన ప్రతిసారీ పాత కంటెయినర్లు (అప్లికేషన్‌నీ దానికి కావాల్సినవన్నీ కలిపి కట్టిన డబ్బాలు) పోయి కొత్తవి వస్తాయి. తక్కువ ధరకి వస్తుందని అమెజాన్‌లో స్పాట్ మెషీన్ తీసుకుంటే రెండు నిమిషాల ముందు చెప్పి లాగేసుకుంటారు. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు దీనికోసమే కేయాస్ మంకీ అనే ప్రోగ్రామ్ రాసుకుని, ఆఫీసు వేళల్లోనే ప్రొడక్షన్‌లో మెషీన్లని కావాలని ఆపేసేవాళ్లు, ఆ కోడ్‌ని 2012లో అందరికీ ఇచ్చేశారు కూడా. మనకి ఆ స్థాయి అక్కర్లేదు గానీ ఆలోచన అదే.

సరే, మీ అప్లికేషన్‌లో ఎక్కడెక్కడ చూడాలో చెప్తాను.

మొదట డిస్క్. విద్యార్థుల ఫొటోలు, టీసీ స్కాన్లు సర్వర్‌లోనే ఏదో అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంటాయి కదా, అవి అక్కడుండకూడదు. నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెప్తాను. లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే రిక్వెస్టులని సర్వర్లకి పంచేది) వెనక రెండు సర్వర్లు పెట్టారు. మర్నాడే ఒక కాలేజీ నుంచి ఫోన్, "సార్, ఫొటో అప్‌లోడ్ చేశాం, కనిపించింది, రిఫ్రెష్ చేస్తే పోయింది, మళ్లీ చేస్తే వచ్చింది" అని. ఫొటో ఒక సర్వర్‌లో పడింది, రిక్వెస్టు ఒకసారి దీనికీ ఒకసారి దానికీ వెళ్తోంది, అంతే జరిగింది. కోడ్‌లో తప్పు వెతుకుతూ టీమ్ రెండు రోజులు కూర్చుంది. ఫైళ్లన్నీ అమెజాన్ ఎస్3 లాంటి ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో (ఫైళ్లు దాచుకునే క్లౌడ్ సర్వీసులో) పెట్టి, డేటాబేస్‌లో ఆ ఫైలు పేరు మాత్రమే ఉంచండి. ఇంకో మెట్టు పైకి వెళ్లగలిగితే, ముందే సంతకం చేసిన లింక్ ఒకటి బ్రౌజర్‌కి ఇచ్చి, ఫైలు నేరుగా స్టోరేజ్‌కే వెళ్లేలా చేయండి, మీ సర్వర్ మీద ఆ బరువే పడదు.

తర్వాత సెషన్. అంటే ఎవరు లాగిన్ అయి ఉన్నారన్న గుర్తు. టామ్‌క్యాట్ (మీ అప్లికేషన్‌ని నడిపే వెబ్ సర్వర్) మెమరీలో అది ఉంటే ఆ మెషీన్ పోగానే అందులో ఉన్నవాళ్లంతా లాగౌట్ అవుతారు. స్ప్రింగ్ సెషన్ వాడి రెడిస్‌లోనో (మెమరీలో నడిచే డేటా స్టోర్), మీ ట్రాఫిక్ తక్కువైతే మైఎస్‌క్యూఎల్ టేబుల్‌లోనో పెట్టేయండి. స్టికీ సెషన్స్ (ఒక మనిషిని ఎప్పుడూ ఒకే సర్వర్‌కి పంపడం) ఆన్ చేస్తే సరిపోతుందని చాలామంది చెప్తారు. మెషీన్ బతికున్నంతసేపే సరిపోతుంది.

షెడ్యూల్ చేసిన పనులు, వీటి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే జారిపోతారు. ఫీజు గడువు గుర్తుచేసే ఎస్ఎంఎస్ ఉదయం 9 గంటలకి వెళ్లాలని అప్లికేషన్ లోపలే షెడ్యూల్ రాసి ఉంటారు. సర్వర్ ఒకటే ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. మూడు కాపీలు నడిస్తే మూడూ 9కి లేస్తాయి, ప్రతి తండ్రికీ మూడు మెసేజ్‌లు వెళ్తాయి. షెడ్‌లాక్ లాంటి లైబ్రరీతో డేటాబేస్‌లో తాళం వేసి ఒక్కటే నడిచేలా చేయొచ్చు, లేదా షెడ్యూల్‌ని అప్లికేషన్ బయటికి తీసి క్లౌడ్ వాళ్ల షెడ్యూలర్‌కి అప్పగించొచ్చు. నేను రెండోదే చేస్తాను, ఎప్పుడు నడిచిందో, ఎప్పుడు నడవలేదో ఒకేచోట కనిపిస్తుంది.

దీనికే తోకలా ఇంకోటి ఉంది, టైమ్ జోన్. ఆఫీసు సర్వర్‌లో గడియారం మన టైమ్‌లో ఉంటుంది, క్లౌడ్‌లో లినక్స్ మెషీన్లు, కంటెయినర్లు మామూలుగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి. మనం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందున్నాం. నేను మొదటిసారి మార్చిన అప్లికేషన్‌లో రాత్రి 12కి నడవాల్సిన రోజువారీ లెక్క తెల్లవారుజామున 5:30కి నడిచింది, అది ఎవరికీ పట్టలేదు. పట్టుకున్నది వాళ్ల అకౌంటెంట్. నెలాఖరు గడువు కాబట్టి ఒకటో తారీఖు అర్ధరాత్రి దాటిన 20 నిమిషాలకి కొందరు ఫీజు కట్టారు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అది ఒకటో తారీఖు, మా రిపోర్టులో ముప్పై ఒకటి. రెండు నెలల లెక్కలు కలవలేదు, ఆయన పాపం ఒక్కో ఎంట్రీ పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ చూసి, తేడా వచ్చినవన్నీ అర్ధరాత్రికీ అయిదున్నరకీ మధ్యలోవే అని కనిపెట్టారు. అప్పట్నుంచి నా పద్ధతి ఒకటే: డేటాబేస్‌లో సమయం యూటీసీలోనే ఉంచుతాను, "ఏ రోజు" అన్న ప్రశ్న వచ్చిన ప్రతిచోటా ఏషియా-కోల్‌కతా జోన్ అని కోడ్‌లో పేరు పెట్టి రాస్తాను. మెషీన్ గడియారం ఏం చెప్తుందో దాని మీద ఆధారపడను.

ఆపినప్పుడు మర్యాదగా ఆగాలి. కంటెయినర్‌ని ఆపేముందు ప్లాట్‌ఫామ్ ఒక సిగ్నల్ పంపుతుంది, కుబర్నెటిస్‌లోనూ అమెజాన్ ఈసీఎస్‌లోనూ (వాళ్ల కంటెయినర్ సర్వీసు) డిఫాల్ట్‌గా 30 సెకన్లు ఆగి, అప్పటికీ ఆగకపోతే బలవంతంగా చంపేస్తుంది. ఆ 30 సెకన్లలో మీ అప్లికేషన్ కొత్త రిక్వెస్టులు తీసుకోవడం మానేసి, చేతిలో ఉన్నవి పూర్తి చేసుకోవాలి. స్ప్రింగ్ బూట్ 2.3 నుంచి గ్రేస్‌ఫుల్ షట్‌డౌన్ సెట్టింగ్ ఉంది, 3.4 నుంచి అదే డిఫాల్ట్. సెట్టింగ్ పెట్టినా పనిచేయట్లేదని ఒక టీమ్ నన్ను పిలిచింది. చూస్తే కంటెయినర్ మొదలయ్యేది ఒక షెల్ స్క్రిప్ట్‌తో, ఆ స్క్రిప్ట్ జావాని మొదలుపెట్టేచోట ముందు ఎగ్జెక్ అన్న మాట (షెల్ స్థానంలోకి జావానే వచ్చేలా చేసేది) లేదు. సిగ్నల్ వచ్చింది షెల్‌కి, అది జావాకి అందివ్వలేదు, 30 సెకన్లూ వృథాగా గడిచి అప్లికేషన్ మధ్యలోనే చచ్చిపోయింది. ఆ ఒక్క మాట చేర్చాక డిప్లాయ్ సమయంలో వచ్చే ఎర్రర్లు ఆగిపోయాయి. మీకు డాకర్ ఫైలు (కంటెయినర్ ఎలా తయారవాలో రాసుకునే ఫైలు) ఉంటే ఇవాళే తెరిచి చూసుకోండి.

ప్రతి పనీ రెండుసార్లు జరుగుతుందనే అనుకోండి. ఫీజులు చూసే అప్లికేషన్ కాబట్టి మీకు ఇది అన్నిటికన్నా ముఖ్యం. పేమెంట్ గేట్‌వే "డబ్బు అందింది" అని మీకు కబురు పంపుతుంది. మీ నుంచి జవాబు ఆలస్యమైతే మళ్లీ పంపుతుంది, అది గేట్‌వే తప్పు కాదు, అలా పంపడమే సరైన పద్ధతి. మధ్యలో క్యూ (పనులని వరసలో పెట్టి ఒక్కొక్కటిగా అందించేది) పెట్టినా అంతే, అమెజాన్ వాళ్ల ఎస్‌క్యూఎస్ స్టాండర్డ్ క్యూ ఒక మెసేజ్ కనీసం ఒకసారి అందుతుందనే హామీ ఇస్తుంది, ఒక్కసారే అని ఎక్కడా చెప్పదు. పైగా మెసేజ్ తీసుకున్నాక డిఫాల్ట్‌గా 30 సెకన్లలోపు పని పూర్తిచేసి దాన్ని తొలగించకపోతే, మీరు పోయారనుకుని ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఒక సెక్షన్ మొత్తానికి హాల్ టికెట్లు పీడీఎఫ్ చేయడానికి 40 సెకన్లు పట్టిందనుకోండి, సరిగ్గా 30వ సెకనులో రెండో వర్కర్ (క్యూలోంచి పని తీసుకుని చేసే కాపీ) అదే పని మొదలుపెడుతుంది, ఇద్దరూ పూర్తిచేస్తారు, రెండు సెట్లు వస్తాయి. ఆ గడువు మీ పనికి తగ్గట్టు పెంచుకోవాలి, అది మొదటి మాట. అసలు మందు మాత్రం డేటాబేస్‌లోనే ఉంది. రసీదుల టేబుల్‌లో గేట్‌వే ఇచ్చే పేమెంట్ నంబర్ మీద యూనిక్ ఇండెక్స్ (ఒకే నంబర్ రెండోసారి రాయనివ్వని నిబంధన) పెట్టండి. ముందు ఇన్‌సర్ట్ చేయండి, ఎర్రర్ వస్తే అది ఇంతకుముందే అయిపోయిందని అర్థం, ఊరుకుని "సరే" అని జవాబివ్వండి. "ముందు ఉందేమో చూద్దాం, లేకపోతే రాద్దాం" అని రెండు మెట్లలో రాస్తే ఆ రెంటి మధ్యలో ఇంకో కాపీ దూరుతుంది. ఒక సంస్థలో సరిగ్గా ఇలాగే జరిగి, ఒకే ఫీజుకి రెండు రసీదులు వెళ్లాయి. తల్లిదండ్రులు రెండోసారి డబ్బు కట్ అయిందేమోనని కాలేజీ గేటు దగ్గర నిలబడ్డారు. డబ్బు ఒకసారే కట్ అయింది. అది వాళ్లకి నచ్చజెప్పడానికి ఆ ఆఫీసు క్లర్కుకి రోజంతా పట్టింది.

పక్కవాడు నెమ్మదిస్తే మీరు ఆగిపోకూడదు. ఒక కోచింగ్ సంస్థ అప్లికేషన్ ఫలితాల రోజున పడిపోయింది. సర్వర్ సీపీయూ చూస్తే 10 శాతం కూడా లేదు, డేటాబేస్ ఖాళీగా ఉంది, అయినా లాగిన్ పేజీ కూడా తెరుచుకోవడం లేదు, అక్కడ అందరికీ టెన్షన్. కారణం ఎస్ఎంఎస్ గేట్‌వే. ఓటీపీ పంపడానికి అది మామూలుగా అర సెకను తీసుకునేది, ఆ రోజు నిమిషం తీసుకుంటోంది. కోడ్‌లో టైమౌట్ (ఇంతసేపే ఎదురుచూడాలన్న గడువు) పెట్టలేదు. టామ్‌క్యాట్‌లో డిఫాల్ట్‌గా 200 త్రెడ్లు (ఒక్కోటి ఒక్కో రిక్వెస్టు చూసుకుంటుంది) ఉంటాయి. ఒక్కో రిక్వెస్టు నిమిషం కూర్చుంటే, సెకనుకి నలుగురు వచ్చినా చాలు, 50 సెకన్లలో 200 త్రెడ్లూ నిండిపోతాయి, ఆ తర్వాత ఎవరొచ్చినా బయటే. అంతటితో ఆగలేదు. లోడ్ బ్యాలెన్సర్ హెల్త్ చెక్‌కి (సర్వర్ బతికుందా అని అడిగే ప్రశ్నకి) కూడా జవాబు రాకపోయేసరికి "ఈ సర్వర్ చచ్చింది" అని ప్లాట్‌ఫామ్ దాన్ని తీసేసి కొత్తది పెట్టింది, ఉన్నవాటి మీద బరువు పెరిగింది, అవీ పోయాయి. నిక్షేపంలా ఉన్న సర్వర్లని ఒకదాని తర్వాత ఒకటి మేమే చంపుకున్నట్టయింది. బయటి సర్వీసుకి చేసే ప్రతి కాల్‌కీ రెండు మూడు సెకన్ల టైమౌట్ పెట్టండి. ఎస్ఎంఎస్, ఈమెయిల్ లాంటివి రిక్వెస్టులో చేయకండి, క్యూలో వేసి వెంటనే జవాబిచ్చేయండి. మళ్లీ ప్రయత్నించేటప్పుడు వెంటవెంటనే కాకుండా ఒక సెకను, రెండు, నాలుగు అని పెంచుకుంటూ, అందులో కాస్త యాదృచ్ఛికం కలిపి ప్రయత్నించండి, లేకపోతే అన్ని కాపీలూ ఒకేసారి వెళ్లి తలుపు బాదుతాయి. హెల్త్ చెక్‌లో మాత్రం ఎస్ఎంఎస్ గేట్‌వే బాగుందా లేదా అని చూడకండి, అది బాగాలేకపోవడం మీ సర్వర్ తప్పు కాదు.

ఇక ఆటోస్కేలింగ్ గురించి. లోడ్ పెరిగితే అదే పెరుగుతుందిలే అనుకుంటారు. పెరుగుతుంది, కానీ లోడ్ పెరిగిందని గమనించి, కొత్త మెషీన్ లేచి, జావా మొదలై, హెల్త్ చెక్ పాసయ్యేసరికి నిమిషాలు పడతాయి. ఉదయం 11కి ఫలితాలంటే 11 దాటిన మొదటి నిమిషంలోనే అందరూ వస్తారు. కాబట్టి ఎప్పుడొస్తారో మీకు ముందే తెలిసిన రోజున పదిన్నరకే కాపీలు పెంచి ఉంచండి, షెడ్యూల్ చేసి పెట్టేయొచ్చు. అలా పెంచేముందు డేటాబేస్ కనెక్షన్లు లెక్కేసుకోండి. స్ప్రింగ్ బూట్‌లో హికారీ పూల్ (డేటాబేస్ కనెక్షన్లు తెరిచి ఉంచే భాగం) ఒక్కో కాపీకి డిఫాల్ట్‌గా 10 కనెక్షన్లు తీసుకుంటుంది. మైఎస్‌క్యూఎల్ మీరే ఇన్‌స్టాల్ చేసుకుంటే డిఫాల్ట్ పరిమితి 151 (క్లౌడ్‌లో మేనేజ్డ్‌గా, అంటే నిర్వహణ వాళ్లకే వదిలి, తీసుకుంటే మెషీన్ మెమరీని బట్టి మారుతుంది). అంటే 15 కాపీల దాకా సరే, పదహారోది లేవగానే "టూ మెనీ కనెక్షన్స్". మాకు 8 కాపీలే కదా అంటారా, కొత్త వెర్షన్ వేసేటప్పుడు పాత 8 ఆగకముందే కొత్త 8 లేస్తాయి, అప్పుడు పదహారే. నేను పగటిపూట చేసిన ఒక మామూలు డిప్లాయ్ సరిగ్గా ఇలాగే తన్నింది.

పాతదీ కొత్తదీ కలిసి నడుస్తాయన్నాను కదా, దీనివల్ల ఇంకో జాగ్రత్త కూడా కావాలి. టేబుల్‌లో ఒక కాలమ్ పేరు మార్చి, దానికి తగ్గ కోడ్ ఒకేసారి వేస్తే, ఇంకా నడుస్తున్న పాత కోడ్ ఆ క్షణంలోనే విరిగిపోతుంది. ముందు కొత్త కాలమ్ చేర్చండి, కొన్నాళ్లు రెంటిలోనూ రాయండి, పాతదాన్ని ఎవరూ చదవట్లేదని తేలాక మరో డిప్లాయ్‌లో తీసేయండి.

ఇప్పుడు మీరు అడిగిన మూడింటికీ వస్తాను.

మైక్రోసర్వీసులు ఎక్కువగా మనుషుల సమస్యకి మందు. యాభై మంది ఒకే కోడ్ మీద పడి ఒకరి పని ఒకరు ఆపుతుంటే విడగొట్టాలి. నలుగురు ఒకే టేబుల్ చుట్టూ కూర్చుంటే విడగొట్టి ఏం సాధిస్తారు? ఇంతకుముందు ఒక ఫంక్షన్ కాల్‌గా ఉన్నది నెట్‌వర్క్ కాల్ అవుతుంది, పైన చెప్పిన టైమౌట్లు, రెండుసార్లు జరగడాలు అన్నీ మీ అప్లికేషన్ లోపలికే వస్తాయి. అమెజాన్ ప్రైమ్ వీడియో టీమే 2023లో తమ వీడియో నాణ్యత పరీక్షించే సర్వీసుని ముక్కలుగా ఉన్నదాన్ని మళ్లీ ఒకటిగా కలిపామని, దాని ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందని రాసింది. అందరికీ అలాగే అవుతుందని చెప్పను, అది వాళ్ల ఒక్క సర్వీసు కథ. కానీ విడగొట్టడమే ఎప్పుడూ ముందడుగు అన్న నమ్మకం మాత్రం వదిలేయండి. మీ దగ్గర విడిగా తీయదగ్గది ఒకటే కనిపిస్తోంది, పీడీఎఫ్‌లు తయారుచేసే పని. అది సీపీయూ తింటుంది, నెమ్మదిగా జరిగినా ఫరవాలేదు. అదే కోడ్‌ని వర్కర్‌గా వేరే మోడ్‌లో నడిపితే చాలు.

కుబర్నెటిస్ 2014లో గూగుల్ బయటికి ఇచ్చినప్పట్నుంచీ నాకు ఇష్టమైన పనిముట్టు, ఇప్పటికీ ఎక్కువ రోజులు దానితోనే గడుపుతాను. అందుకే నలుగురి టీమ్‌కి వద్దంటున్నాను. ఏటా చాలాసార్లు వెర్షన్ అప్‌గ్రేడ్లు ఉంటాయి, నెట్‌వర్క్ ప్లగిన్లు, ఇంగ్రెస్ (బయటి ట్రాఫిక్‌కి లోపలికి దారి చూపేది), సర్టిఫికెట్లు ఉంటాయి, వాటిని చూసుకోవడానికే ఒక మనిషి కావాలి. మీ కంటెయినర్‌ని ఈసీఎస్ ఫార్గేట్‌లోనో, గూగుల్ క్లౌడ్ రన్‌లోనో, ఆజ్యూర్ కంటెయినర్ యాప్స్‌లోనో నడపండి. రేపు అవసరమైతే అదే కంటెయినర్ కుబర్నెటిస్‌లోనూ నడుస్తుంది, ఏమీ వృథా కాదు. ఉద్యోగం మారడానికి కుబర్నెటిస్ కావాలంటే ఇంట్లో మీ ల్యాప్‌టాప్‌లో తప్పకుండా నేర్చుకోండి, ఇంటర్వ్యూల్లో అడుగుతున్నారు, అది వేరే లెక్క.

సర్వర్‌లెస్ అంటే అమెజాన్ ల్యాంబ్డా లాంటివి చిన్న పనులకి చాలా బాగుంటాయి. ఫొటో అప్‌లోడ్ అవగానే చిన్న సైజు చేయడం, గేట్‌వే కబురు తీసుకుని క్యూలో వేయడం, అలాంటివి. కానీ ల్యాంబ్డాకి 15 నిమిషాల పరిమితి ఉంది, చాలాసేపు ఖాళీగా ఉన్నాక స్ప్రింగ్ బూట్ లేవడానికి సెకన్లు పడుతుంది, వెయ్యి ఫంక్షన్లు ఒకేసారి లేస్తే మీ మైఎస్‌క్యూఎల్ కనెక్షన్ల గతేంటో పైన లెక్క చూశారుగా. నడుస్తున్న అప్లికేషన్‌ని దీనికోసం మళ్లీ రాయకండి.

కంటెయినర్ అన్నాను కాబట్టి, మన తెలుగు అప్లికేషన్లకే ప్రత్యేకంగా వచ్చే ఒక ఇబ్బంది చెప్పాలి. సైజు తగ్గుతుందని అందరూ చిన్న బేస్ ఇమేజ్ (కంటెయినర్‌కి పునాదిగా వాడే సిద్ధమైన ప్యాకేజీ) తీసుకుంటారు, అందులో ఫాంట్లే ఉండవు. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో హాల్ టికెట్ చక్కగా వస్తుంది, క్లౌడ్‌లో విద్యార్థి పేరున్న చోట వరసగా ఖాళీ డబ్బాలు వస్తాయి. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్‌ని ఇమేజ్‌లో పెట్టి, పీడీఎఫ్‌లో ఎంబెడ్ చేయండి. అక్కడితో అయిపోయిందనుకోకండి, కొన్ని పీడీఎఫ్ లైబ్రరీలు అక్షరాలు చూపిస్తాయి గానీ ఒత్తులు కిందికి చేర్చవు, "లక్ష్మి" అన్న పేరు పొల్లులతో ముక్కలుగా విడిపోయి కనిపిస్తుంది. టెస్ట్ డేటాలో రవి, రమ లాంటి పేర్లే పెడితే ఇది దొరకదు. జ్యోత్స్న, లక్ష్మి, కృష్ణమూర్తి అని పెట్టి, పీడీఎఫ్ తెరిచి కళ్లతో చూడండి.

బ్యాకప్. క్లౌడ్‌లో ఉంది కాబట్టి భద్రం అనుకోకండి. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ ఒకటి తగలబడిపోయింది, బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్నవాళ్లకి ఏమీ మిగల్లేదు. డేటాబేస్‌ని మేనేజ్డ్‌గా, రెండు జోన్లలో (ఒకే ప్రాంతంలోని వేర్వేరు డేటా సెంటర్లలో) ఉండేలా తీసుకోండి. ఒకటి పోతే రెండోది మామూలుగా ఒకటి రెండు నిమిషాల్లో అందుకుంటుంది, ఆ రెండు నిమిషాలూ మీ అప్లికేషన్ ఓపిగ్గా మళ్లీ కనెక్ట్ అవాలి. అయితే ఎవరో పొరపాటున టేబుల్ తొలగిస్తే ఆ పొరపాటు రెండో జోన్‌కీ వెంటనే చేరుతుంది, కాబట్టి బ్యాకప్ వేరే. దాన్ని వేరే రీజియన్‌లో (వేరే ప్రాంతంలోని డేటా సెంటర్ల సమూహంలో), వేరే అకౌంట్‌లో పెట్టండి, మూడు నెలలకోసారి నిజంగా రీస్టోర్ చేసి చూడండి. ఒక చోట ఏడాదిగా రోజూ బ్యాకప్ తీస్తున్నారు. రీస్టోర్ చేసి చూస్తే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలే, డంప్ తీసే కమాండ్‌లో క్యారెక్టర్ సెట్ లాటిన్ అని ఉంది. ఒరిజినల్ ఇంకా బతికే ఉంది కాబట్టి సరిపోయింది.

బిల్లు విషయంలో మొదటి రోజే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి, వేరే ఏ పనికన్నా ముందు. మెషీన్ల ఖర్చు అందరూ లెక్కేస్తారు, చెప్పకుండా పెరిగేవి వేరే ఉంటాయి: నాట్ గేట్‌వే (లోపలి మెషీన్లు ఇంటర్నెట్‌కి వెళ్లే దారి) గంటకింత, దాటిన ప్రతి జీబీకింత, డీబగ్ లెవెల్‌లో వదిలేసిన లాగ్‌లు, బయటికి వెళ్లే డేటా. అమెజాన్ అయితే 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కీ (ఇంటర్నెట్‌లో మెషీన్ చిరునామా) గంట లెక్కన తీసుకుంటోంది. టెస్ట్ డేటాబేస్‌ని ఆర్‌డీఎస్‌లో (అమెజాన్ మేనేజ్డ్ డేటాబేస్ సర్వీసులో) ఆపేశాం కదా అని ఊరుకోకండి, ఏడు రోజులకి అదే మళ్లీ ఆన్ అవుతుంది. నెలాఖరుకి చూసి మేనేజర్ ముందు నిలబడేకన్నా మొదటి రెండు నెలలు రోజూ పొద్దున్నే రెండు నిమిషాలు బిల్లు పేజీ చూడండి.

ఏ క్లౌడ్ అన్నది అంత పెద్ద విషయం కాదు, టీమ్‌లో ఎవరికైనా దేంట్లో అనుభవముంటే అదే తీసుకోండి. అమెజాన్‌కి 2016 నుంచి ముంబైలో, 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లో రీజియన్లు ఉన్నాయి, గూగుల్‌కి ముంబై, ఢిల్లీ, మైక్రోసాఫ్ట్‌కి పుణె, చెన్నై లాంటి చోట్ల. కొత్త సర్వీసులు ముంబైకి ముందొచ్చి హైదరాబాద్‌కి తర్వాత రావచ్చు, మీకు కావాల్సినవన్నీ అక్కడున్నాయో లేదో చూసుకుని ఎంచుకోండి. ఒక రీజియన్‌లో నడుపుతూ రెండో రీజియన్‌లో బ్యాకప్ పెట్టుకుంటే దేశం దాటకుండానే పనైపోతుంది. పేమెంట్ డేటా భారత్‌లోనే ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2018 ఏప్రిల్‌లోనే చెప్పింది. మీరైతే కార్డు వివరాలు అసలు ముట్టుకోకండి, గేట్‌వేకే వదిలేయండి. ఇంటర్ పిల్లల్లో చాలామందికి పద్దెనిమిది నిండవు కాబట్టి 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం తల్లిదండ్రుల అనుమతి సంగతి కూడా వస్తుంది, దాని గురించి మీ మేనేజ్‌మెంట్‌ని లాయర్‌తో మాట్లాడమనండి.

పాస్‌వర్డ్లు, యాక్సెస్ కీలు కోడ్‌లో ఉంటే ఇవాళే తీసేయండి. గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర ఉంచే సాధనం) ఒక్కసారి పడ్డ కీ పోయినట్టే లెక్క, తొలగించినా చరిత్రలో ఉంటుంది, కొత్తది తీసుకోవాల్సిందే. సర్వర్లు, నెట్‌వర్క్ వగైరా కన్సోల్‌లో క్లిక్ చేసి పెట్టకుండా టెర్రాఫామ్‌లో (సర్వర్ల అమరికని కోడ్‌గా రాసే సాధనం) రాసుకోండి, ఆరు నెలల తర్వాత ఎవరు ఏది ఎందుకు మార్చారో అప్పుడే తెలుస్తుంది.

మొదలుపెట్టడానికి క్లౌడ్ అకౌంట్ కూడా అక్కర్లేదు. ఈ వారం మీ ల్యాప్‌టాప్‌లోనే అప్లికేషన్‌ని డాకర్‌లో రెండు కాపీలుగా లేపి, వాటి ముందు లోడ్ బ్యాలెన్సర్‌గా ఎన్‌జిన్‌ఎక్స్ పెట్టండి. లాగిన్ అయి, ఫొటో ఒకటి అప్‌లోడ్ చేసి, టెస్ట్ మోడ్‌లో ఫీజు కడుతుండగా ఒక కాపీని ఆపేయండి. ఏమేం విరిగాయో ఒక కాగితం మీద రాసుకోండి, మీ నాలుగు నెలల పని ఆ కాగితం మీదే ఉంటుంది. ఆ జాబితా వచ్చాక ఇక్కడే పెట్టండి, దాంతోపాటు అప్‌లోడ్స్ ఫోల్డర్ ఎన్ని జీబీ ఉందో, ఫలితాల రోజున గంటకి ఎంతమంది వస్తారో కూడా రాయండి. ఏది ముందు చేయాలో చూసి చెప్తాను.